మోగించని కుండ

కుమ్మరి ఈరమ్మను ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. ఈ సంగతి ఆ పడమటి మెట్ట ఊళ్ళలో అందరికీ తెలుసు. మనిషికి మరుజన్మ ఉందా లేదా అని అడగడానికి పనిగట్టుకుని వచ్చిన ఒక రిటైర్డు హెడ్మాస్టరు చేత ఆమె రెండు రోజులు బూడిద జల్లింపజేసింది. మూడో రోజు ఆయన బస్సెక్కుతూ, ఏం అడగడానికి వచ్చానో మరిచిపోయాననీ, నడుంనొప్పి మాత్రం బాగా గుర్తుందనీ చెప్పుకున్నాడట. ఈరమ్మకు చదువు రాదు. తత్వాలు మాత్రం వందకు పైగా నోటికి వచ్చు. సోమవారం సాయంత్రం ఆమె కొట్టంలో భజనకు ముప్పై నలభై మంది చేరేవారు. గురువుగారూ అని పిలిస్తే కసిరేది కాబట్టి అందరూ అవ్వా అనే పిలిచేవారు. వారంలో తక్కిన ఆరు రోజులూ ఆమె కుండలు చేసుకునేది.

ఆమె దగ్గర పెంచలయ్య అనే మనిషి రెండేళ్ళుగా ఉంటున్నాడు. ముప్పై ఆరేళ్ళవాడు, ఒంటరివాడు, ఒళ్ళు దాచుకోనివాడు. తెల్లవారకముందే లేచి మట్టి తొక్కేవాడు, కట్టెలు కొట్టేవాడు, సందె దాకా నడుం వాల్చేవాడు కాదు. పగటిపూట గుక్కెడు నీళ్ళు ముట్టేవాడు కాదు. పొద్దు వాలిన తరువాత ఒక్క చెంబెడు తాగేవాడు, అంతే. నీడలో కూర్చుని చేయదగిన పనిని కూడా ఎండలోకి తెచ్చుకుని చేసేవాడు. భజనలో అందరికన్నా ముందు అతని కళ్ళే తడిసేవి. కొట్టానికి కొత్తవారు ఎవరు వచ్చినా పెంచలయ్య చేసిన పాపం ఏమిటో సాయంత్రానికల్లా వారికి తెలిసిపోయేది. అతడే చెప్పేవాడు. చెప్పేటప్పుడు గొంతు వణికేది, విన్నవారు చేతులు జోడించేవారు. పాడిగేదెను సాకినంత శ్రద్ధగా అతడు తన తప్పును సాకేవాడని కొట్టంలో ఒకరిద్దరు చాటున నవ్వుకున్నమాట నిజమే గాని, అతని బాధ మాత్రం నటన కాదు.

జరిగింది ఇది. పన్నెండేళ్ళ కిందట పెంచలయ్య ఒక కాంట్రాక్టరు కింద పనిచేశాడు. ఊరూరా తిరిగి బోరింగుల నీళ్ళు సీసాల్లో పట్టి పరీక్షకు పంపడం, ఫలితం వచ్చాక తాగదగిన బోరింగుకు ఆకుపచ్చ రంగు, తాగకూడని దానికి ఎర్ర రంగు వేయడం ఆ పని. ఆ మెట్టలో నేల కింది నీళ్ళు చాలాచోట్ల పళ్ళను గార పట్టిస్తాయి, ఏళ్ళు గడిస్తే ఎముకలను వంచుతాయి. అందుకని రంగు చూసి నీళ్ళు పట్టుకోవాలని ఊళ్ళవాళ్ళకు చెప్పారు. నేరేడుకుంట అనే ఊళ్ళో పట్టిన సీసా జీపు కుదుపుకు సంచిలోనే పగిలింది. నేరేడుకుంట అప్పటికి ఇరవై కిలోమీటర్లు వెనకబడింది, సీసాలన్నీ ఆ సాయంత్రమే అప్పగించాలి. పెంచలయ్య జీపులో పక్కనే ఉన్న సూపర్‌వైజరు వైపు చూశాడు.

"దీనికోసం మళ్ళీ వెనక్కి పోతావా? పక్కూరి సీసాలోవి సగం ఇందులో పొయ్యి. నేల కింద నీళ్ళకు ఊరి పొలిమేరలు ఉంటాయా ఏంది?" అన్నాడు ఆయన.

పెంచలయ్య కొత్త సీసాలో పక్కూరి నీళ్ళు పోసి, నేరేడుకుంట అని చీటీ అంటించాడు. ఫలితం మంచిదని వచ్చింది. పక్కూరి నీళ్ళు మంచివే మరి. వారం తరువాత అతడే వెళ్ళి నేరేడుకుంట బోరింగుకు కింది నుంచి పైదాకా ఆకుపచ్చ రంగు పూశాడు.

ఇంతవరకూ అతడు అందరికీ చెప్పేవాడు. చెప్పనిది ఒకటి ఉంది. రంగు వేస్తుండగా ఓబులమ్మ అనే ఒకామె బిందెతో వచ్చి నిలబడింది. "తాగొచ్చా నాయనా?" అని అడిగింది. తాగొచ్చమ్మా అన్నాడు. ఆమె మురిసిపోయి, చెంబు రెండుసార్లు తొలిచి, బోరింగు కొట్టి, నిండా నీళ్ళు పట్టి, "రంగేసినోడివి, ముందు నువ్వే తాగు" అని ముందుకు చాపింది. వైశాఖ మాసం, మిట్టమధ్యాహ్నం. పెంచలయ్యకు నాలుక పిడచకట్టుకుపోయి ఉంది. అయినా, "దాహంగా లేదమ్మా" అన్నాడు. ఊరు దాటిన తరువాత ఒక తుమ్మచెట్టు కింద కూర్చుని సంచిలో ఉన్న తన సీసా తీసి గటగటా తాగాడు. ఈ చెంబు సంగతి పన్నెండేళ్ళలో అతని నోటి నుంచి ఎవరి దగ్గరా బయటపడలేదు. మూడు నెలల్లో ఆ ఉద్యోగం మానేశాడు. ఆ తరువాత ఏ పనిలోనూ కుదురుగా నిలవలేదు. నేరేడుకుంట మీదుగా వెళ్ళే బస్సు వస్తే దాన్ని వదిలేసి ఇంకో బస్సు కోసం కాచుకునేవాడు.

ఒక సోమవారం భజన ముగిశాక పెంచలయ్య ఈరమ్మ ముందు కూర్చున్నాడు.

"అవ్వా, రెండేళ్ళుగా నీ దగ్గర పడి ఉన్నాను. ఇవాళ నువ్వు చెప్పాల్సిందే. నేను చేసింది పాపమా, కాదా? సూపర్‌వైజరు చెయ్యమన్నాడు, చేశాను. ఆ నీళ్ళు మంచివే అయితే నా వల్ల ఎవరికీ ఏమీ కాలేదు. చెడ్డవైతే ఒక ఊరి ఉసురంతా నాది. ఈ రెండింటి నడుమ నేను నలిగిపోతున్నాను. ఏదో ఒకటి చెప్పు, దాన్ని పట్టుకుని బతుకుతాను."

ఈరమ్మ దీపం వత్తి సవరించి, "రేపు ఆవం విప్పాలి. పొద్దున్నే రా" అంది.

ఆవం విప్పడమంటే కాలిన కుండలను బూడిదలోంచి ఒక్కొక్కటే తీయడం. తీసిన ప్రతి కుండనూ ఈరమ్మ ఎడమ చేతిలో నిలిపి, కుడిచేతి వేలి కణుపుతో ఒకసారి కొట్టి, చెవి ఒగ్గి వినేది. ఖంగుమంటే మంచి కుండ, ఒక పక్కకు పోయేది. సన్నని పగులు కంటికి కనిపించకపోయినా, కొడితే గొంతు బొంగురుపోయినట్టు పలుకుతుంది. అది రెండో పక్కకు పోయేది. గింజలు పోసుకోవడానికో, మొక్క పెట్టుకోవడానికో తీసుకుపోయేవారు. సంతలో ఎవరి దగ్గర కుండ కొన్నా జనం తామే మోగించి చూసుకుంటారు. ఈరమ్మ దగ్గర మాత్రం ఎవరూ మోగించి చూసేవారు కాదు. ఆమె మోగించే ఇస్తుందని నమ్మకం. ఆ రోజు పెంచలయ్య కుండలు అందిస్తుంటే ఆమె మోగిస్తూ కూర్చుంది. చివర పెద్ద నీళ్ళకుండలు నాలుగు మిగిలాయి. ఆమె లేచి, "అవి నువ్వు చూసుకో" అని లోపలికి వెళ్ళింది.

మూడు కుండలు ఖంగుమన్నాయి. నాలుగోది తీస్తుంటే వేడికి చేయి జారి, కుండ పక్కనున్న రాతికి తగిలింది. గట్టిగా ఏమీ కాదు. తిప్పి చూస్తే ఎక్కడా గీత కూడా లేదు. పెంచలయ్య మోగించడానికి వేలు మడిచాడు. వేలు కుండ దాకా వెళ్ళి ఆగిపోయింది. ఆ కుండను తీసుకెళ్ళి కొట్టంలో ఒక మూల, ముఖం గోడకు తిప్పినట్టుగా పెట్టాడు.

సాయంత్రం ఈరమ్మ దగ్గరికి వచ్చి చేతులు కట్టుకుని, "అవ్వా, నీ కుండకు నా చేతిలో దెబ్బ తగిలింది. నన్ను క్షమించు. ఇవాళ నేను అన్నం తినను" అన్నాడు.

"మోగించావా?"

"లేదవ్వా."

"ఊఁ" అని ఆమె కుమ్మరి సారె తిప్పుకోసాగింది.

ఆ రోజే కాదు, మరునాడు కూడా పెంచలయ్య తినలేదు. మూల దాటి వెళ్ళినప్పుడల్లా ఆ కుండ వైపు చూసి నిట్టూర్చేవాడు. దుమ్ము పడితే తువ్వాలుతో తుడిచేవాడు. మోగించడం తప్ప దానికి చేయవలసిన మర్యాదలన్నీ చేశాడు.

నాలుగో రోజు ఎండ బాగా ఎక్కిన వేళ ఒక ఇల్లాలు నెత్తిన చీరకొంగు చుట్ట చుట్టుకుని వచ్చింది. బస్సులు ఆగే చోట చలివేంద్రం పెడుతున్నామనీ, పెద్ద కుండ ఒకటి కావాలనీ అడిగింది. ఈరమ్మ సారె మీంచి తల ఎత్తకుండానే, "పెంచలయ్యా, ఆ మూల కుండ తెచ్చి ఈ అమ్మకియ్యి" అంది.

తక్కిన మూడు కుండలూ కళ్ళెదుటే ఉన్నాయి. అవ్వ మరిచిపోయిందా, కావాలనే అందా? అవ్వ మాట కాదనలేక మూలకు వెళ్ళి కుండ ఎత్తుకొచ్చాడు. ఆ ఇల్లాలు చేతులు చాపి, "ఇటియ్యి నాయనా. అవ్వ కుండను మోగించి చూసేదేముంది" అని నవ్వుతూ చుట్ట సర్దుకుంది. ఆ నవ్వు ముఖంలో పెంచలయ్యకు ఓబులమ్మ కనిపించింది. తొలిచిన చెంబు కనిపించింది. తడి ఆరని ఆకుపచ్చ రంగు కనిపించింది. కుండ ఆమె చేతుల్లోకి వెళ్ళబోతుండగా అతడు వెనక్కి లాక్కున్నాడు. వేలు మడిచి గట్టిగా కొట్టాడు. కుండ బొంగురుగా పలికింది.

"అమ్మా, ఇది పగిలింది. నా చేతిలోనే పగిలింది. నాకు ఆ రోజే అనుమానం వచ్చింది, అయినా మోగించలేదు. నేను ఇట్లాంటి వాణ్ణే తల్లీ. పన్నెండేళ్ళ కింద కూడా ఒక ఊళ్ళో..." అంటూ అతడు మొదలుపెట్టాడు. గొంతు అప్పుడే వణకసాగింది.

ఆ ఇల్లాలు విసుక్కుంది. "ఎండలో నిలబెట్టి కథలు చెప్తావేందయ్యా? పగిలితే పగిలింది. మంచిది చూసియ్యి."

పెంచలయ్యకు చెంప మీద కొట్టినట్టయింది. పన్నెండేళ్ళుగా అతని కథకు చేతులు జోడించినవారినే చూశాడు గాని, అడ్డం తగిలినవారిని చూడలేదు. ముందు చిన్నబుచ్చుకున్నాడు. చిన్నబుచ్చుకున్నందుకు ఆ వెంటనే సిగ్గుపడ్డాడు. పక్కనున్న మూడు కుండల్లో ఒకటి తీసి, ఆమె ఎదుటే మోగించి, ఖంగుమన్నాక ఆమె నెత్తికెత్తాడు. ఆమె వెళ్ళిపోయింది. అతణ్ణి తిట్టలేదు, క్షమించలేదు, వెనక్కి తిరిగి కూడా చూడలేదు. ఆమెకు కుండ కావలసి వచ్చింది, కుండ దొరికింది.

పెంచలయ్య చెంబు తీసుకుని, పట్టపగలు, అందరూ చూస్తుండగా నిండా నీళ్ళు తాగాడు. ఇంకో చెంబు తాగాడు. చాలా దూరం పోవలసిన మనిషి దాహంతో పోకూడదు. "వెళ్ళొస్తానవ్వా" అన్నాడు. ఎక్కడికని ఈరమ్మ అడగలేదు.

పట్నం వెళ్ళి, నీళ్ళు పరీక్షించే చోట అడిగి శుభ్రమైన సీసాలు తీసుకున్నాడు. పన్నెండేళ్ళుగా వదిలేసిన బస్సు మరునాడు ఎక్కాడు. నేరేడుకుంటలో బోరింగు అక్కడే ఉంది. రంగు పెచ్చులు ఊడినా ఆకుపచ్చ ఇంకా తెలుస్తూనే ఉంది. ఇద్దరు ఆడవాళ్ళు బిందెలు పట్టుకుంటున్నారు. వాళ్ళ పక్కన కర్ర పట్టుకుని ఒక ముసలామె నిలబడి ఉంది. మోకాళ్ళు రెండూ బయటికి వంగిపోయి, నిలబడటమే ఆమెకు కష్టంగా ఉంది. ముఖం చూసి పెంచలయ్య గుర్తుపట్టాడు.

ఈసారి అతడు కథగా చెప్పలేదు. సీసా పగలడం, పక్కూరి నీళ్ళు పోయడం, రంగు వేయడం నాలుగు మాటల్లో చెప్పి, "ఈ నీళ్ళు మంచివో చెడ్డవో నాకు తెలియదమ్మా. తెలియకుండానే తాగమన్నాను. ఇప్పుడు పరీక్షకు పట్టుకుపోతాను. ఫలితం వచ్చేదాకా ఇవి తాగొద్దు" అన్నాడు.

బిందెలవాళ్ళు ముఖముఖాలు చూసుకున్నారు. ఓబులమ్మ అతణ్ణి కింది నుంచి పైదాకా చూసింది.

"ఆ పొద్దు నువ్వు నీళ్ళు తాగలేదు" అంది మెల్లగా. "నడినెత్తిన ఎండ. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. దాహం లేదన్నావు. ఎందుకు తాగలేదో ఈ అబ్బయ్య అని నేను అప్పుడే అనుకున్నా. తర్వాత, మనం ఇచ్చిన చెంబు ముట్టుకోడేమో అని సరిపెట్టుకున్నా."

పెంచలయ్య తల దించుకున్నాడు. తను అందరి దగ్గరా దాచిన మాట ఈమె దగ్గర మొదటినుంచీ ఉంది. దానికి తోడు, తన పిరికితనాన్ని ఆమె తన కులానికి జరిగిన అవమానంగా పన్నెండేళ్ళు మోసింది. ఇంతకన్నా ఏడవదగిన సంగతి అతని బతుకులో లేదు. ఏడుపు గొంతు దాకా వచ్చింది కూడా. ఎండలో నిలబెట్టి కథలు చెప్తావేందయ్యా అన్నమాట అప్పుడే గుర్తుకొచ్చి, దాన్ని మింగేశాడు.

"మీ చెంబుకు వంక లేదమ్మా. నాకే ధైర్యం లేకపోయింది. ఈ బోరింగు రాకముందు ఏ నీళ్ళు తాగేవాళ్ళు?" అని అడిగాడు.

ఊరికి ఉత్తరాన అర కిలోమీటరు దూరంలో బావి ఉండేదట. తియ్యటి నీళ్ళట. బోరింగుకు ఆకుపచ్చ రంగు పడ్డాక అంత దూరం నడిచేవారు లేక అది పూడిపోయింది. పెంచలయ్య వెళ్ళి, కంప తొలగించుకుని, తాడు కట్టి సీసా దించితే అడుగున కాసిని నీళ్ళు అందాయి. బోరింగు నీళ్ళ సీసా, బావి నీళ్ళ సీసా రెండింటికీ చీటీలు తనే రాసి అంటించి, తువ్వాలులో చుట్టి, పట్నం చేరేదాకా బస్సులో ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

ఎనిమిది రోజులకు కాగితాలు చేతికి వచ్చాయి. బోరింగు నీళ్ళు తాగకూడనివి. బావి నీళ్ళు మంచివి.

ఆ కాగితాలతో, ఎర్ర రంగు డబ్బాతో పెంచలయ్య మళ్ళీ నేరేడుకుంటలో దిగాడు. ఊరిపెద్ద ఒకాయన అడ్డం వచ్చాడు. "ఎర్ర బోరింగు ఊరని పేరు పడితే మా పిల్లలకు సంబంధాలు వస్తాయా? కాగితం చూపించావు, చాల్లే. రంగెందుకు?" అన్నాడు. నలుగురు ఆయన పక్కన నిలబడ్డారు. ఒకరు డబ్బా లాక్కోబోయారు. పెంచలయ్య డబ్బా వదల్లేదు. "కాగితం చదవలేనివాళ్ళు రంగు చూసి తాగారు. ఆ రంగు నేనే వేశాను, నేనే తీస్తాను. కొడితే కొట్టండి, వేశాకే పోతాను" అని కూర్చుని వేయడం మొదలుపెట్టాడు. కొట్టలేదు గాని తిట్టారు. తిట్లు పడుతూనే కింది నుంచి పైదాకా, పాత రంగు చుక్క కూడా కనిపించకుండా వేశాడు.

అంతా అయ్యాక ఓబులమ్మ కర్ర మీద వాలి, "సరే నాయనా, ఎరుపు వేసినావు. మరి ఇంక మేమేం తాగాలి?" అంది.

"బావి పూడిక నేను తీస్తానమ్మా. నా దగ్గర గడ్డపార కూడా లేదు. మా అవ్వనడిగి తెచ్చుకుని వస్తాను" అని పెంచలయ్య వెంటనే బయలుదేరాడు.

కొట్టం చేరేసరికి ఈరమ్మ సారె ముందే ఉంది. గడ్డపార, పార, రెండు తట్టలు కావాలన్నాడు. ఆ మూల ఉన్నాయి తీసుకోమంది. తీసుకున్నాడు. గడ్డపార భుజాన పెట్టుకుని గడప దాకా కూడా వెళ్ళాడు. అక్కడ కాళ్ళు ఆగిపోయాయి. పాత అలవాటు అంత తొందరగా మనిషిని వదలదు. వెనక్కి వచ్చి, గడ్డపార కింద పెట్టి, ఈరమ్మ ముందు చతికిలబడ్డాడు.

"అవ్వా, తేలిపోయింది. ఆ నీళ్ళు చెడ్డవే. ఓబులమ్మ మోకాళ్ళు ఎట్లా వంగిపోయాయో చూసి ఉంటే నువ్వు ఏడ్చేదానివి. అవి నా వల్ల వంగాయో, వయసు వల్ల వంగాయో చెప్పేవాళ్ళు లేరు. పన్నెండేళ్ళు అవ్వా! నేను ఆమె చెంబు కూడా ముట్టుకోలేదు. ఇంత పాపం చేసినవాడికి ఎక్కడన్నా..." గొంతు వణికింది, కళ్ళు నిండాయి.

ఈరమ్మ సారె ఆపింది. వంగి, కింద పెట్టిన గడ్డపారను మట్టి చేతుల్తోనే ఎత్తి, మళ్ళీ అతని చేతిలో పెట్టింది. ఒకసారి వాకిట్లో కాస్తున్న ఎండను చూసి అడిగింది:

"ఓబులమ్మను ఎండలోనే నిలబెట్టి వచ్చావా నాయనా?"